పట్టణపు పాత డైరెక్టరీలు - మన వంశవృత్తాంతములు



తర్పణము విడుచునపుడు మనము మూడు తరముల పేర్లు చెప్పుచున్నాము: తండ్రి, తాత, ముత్తాత. అంతకు పైవారు పేరులేని పెద్దలలో కలిసిపోవుదురు. ముత్తాత పేరైనను పురోహితుడు అందించిననేగాని నోటికి రానివారు మనలో చాలమంది కలరు. పూర్వము ఈ లోపమును కొంత భట్రాజులును, కొంత నేడు వంశరాజులని పేరొందిన పిచ్చుకుంట్లవారును తీర్చెడివారు. వారు ఇంటింటికి వచ్చి, గోత్రము మొదలుకొని ఆ యింటి పూర్వులను వరుసగా పాడి, తమకు రావలసిన గింజలు కొలిపించుకొని పోయెడివారు. కాశికి పోయినవారు అక్కడి పండాల పుస్తకములలో తమ తాతల చేవ్రాలు చూచి కన్నీరు పెట్టుకొన్న కథలును మన యిండ్లలో వినుచుందుము. ఊరు విడువనివారికి మొదటి ఆధారము, యాత్ర చేసినవారికి రెండవ ఆధారము పనికివచ్చును. కాని ఊరు విడిచి పట్టణమునకు పోయి, అచ్చటనే కాపురముండి, క్రమముగా ఇంటివారి మాటలలోనుండి జారిపోయిన మనుష్యుని వెదకుటకు ఈ రెండును చాలవు. అట్టివానిని వెదకువారికి అక్కరకు వచ్చు ఒక పుస్తకజాతిని గురించి నేడు మనవి చేసెదను. వానిని డైరెక్టరీలందురు.

నేను కోటవాడను. మా ఊరు నెల్లూరు సీమ సముద్రతీరమున, స్వర్ణముఖి నదికి చేరువను ఉన్నది. చిరకాలము గూడూరు తాలూకాలోనిది. 2022వ సంవత్సరమున జిల్లాలను విభజించినపుడు మమ్ము తిరుపతి జిల్లాలో చేర్చిరి. కాని మా పాత కాగితములన్నియు నెల్లూరు పేరనే ఉన్నవి. 1953 అక్టోబరు 1వ తేదీవరకు చెన్నపట్టణమే మాకు రాజధాని. దూరము నూరు మైళ్లకు లోపే. 1899లో బెజవాడనుండి వచ్చు రైలుదారి చెన్నపట్టణముతో కలియకమునుపు మావారికి కాలువయే దారి. ఆ కాలువ 1806లో చెన్నపట్టణముకడ మొదలై, అంచెలంచెలుగా ఉత్తరమునకు సాగి, ధాత కరవు కాలమున కూలిపనులక్రింద త్రవ్వించిన భాగముతో కలిసి, నాటి గవర్నరగు బకింగ్‌హాము ప్రభువు పేరు పొందినది. వంటచెరకు, ధాన్యము, ఉప్పు ఆ పడవలలో దక్షిణమునకు పోయెడివి. వానితోపాటు మనుష్యులును పోయిరి. సరకు అమ్ముకొని తిరిగి వచ్చినవారు కొందరు. రానివారు కొందరు.

ఆ రానివారు ఎక్కడ నిలిచిరో చెప్పుట కష్టము కాదు. నేడు జార్జిటవును అనబడు పాత నల్లపట్టణపు వీధులలో నెల్లూరు సీమవారి కాపురములు తరతరములనుండి కలవు. 1854లో స్థాపింపబడిన వావిళ్లవారి అచ్చుకూటపు మూలపురుషులు నెల్లూరు సీమవారే. అమరజీవి పొట్టి శ్రీరాములుగారి పూర్వులు నెల్లూరు సీమవారు. ఆయన 1901లో పుట్టినది మాత్రము జార్జిటవునులోని అన్నాపిళ్ల వీధిలో. ఇట్టి ప్రసిద్ధులకు చరిత్రకారులు కలరు. మన పెద్దతాతలకు ఎవరున్నారు?

ఇంగ్లండులో వంశచరిత్ర వ్రాయువారికి జనాభా లెక్కలు గొప్ప ఆధారము. 1841 మొదలు ఇంటింటి పట్టికలు, పేరు, వయస్సు, వృత్తి సహితముగా అచ్చట నేటికిని చూడవచ్చును. మనకు 1872లోను, 1881 మొదలు పదేండ్లకొకమారును లెక్కలు తీసిరి, అంకెలు అచ్చుపడినవి, కాని వ్యక్తుల పేర్లున్న పట్టికలు మనకు దక్కలేదు. అందుచేత అచ్చటివారికి రెండవ ఆధారమైన డైరెక్టరీ మనకు పలుచోట్ల మొదటి ఆధారమగుచున్నది.

ఈ పుస్తకముల పుట్టుక వర్తకులకొరకు. లండనులో 1677లోనే వర్తకుల పేర్లతోడి చిన్న పుస్తకమొకటి వెలువడెను. సరకు ఎవరికి పంపవలెను, ఉత్తరము ఏ వీధికి వ్రాయవలెను అనునదే దాని ప్రయోజనము. అమెరికాలో 1785లో ఫిలడెల్ఫియా నగరమునకు మెక్‌ఫర్సన్ అను నతడు డైరెక్టరీ కూర్చుచు ఇంటింటికి పోయి పేర్లడుగగా కొందరు చెప్పమనిరట. ఆయన కోపింపక, ఆ యింటి నెంబరుకెదుట 'నీకు చెప్పను' అను వారి మాటనే అచ్చువేసెను! రెండువందల నలుబది యేండ్లయినను ఆ జవాబు ఇంకను వినబడుచున్నది.

చెన్నపట్టణమున ఈ పనిని చిరకాలము చేసినది అసైలం ప్రెస్ అను అచ్చుకూటము. అది సైనికుల అనాథబాలురకై 1789లో పెట్టిన ఆశ్రమమునుండి పుట్టినది. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చదువు చెప్పించుటను ఆండ్రూ బెల్ అను ఆయన ఆ ఆశ్రమముననే ప్రయోగించి, తరువాత సీమలో 'మద్రాసు పద్ధతి' అని ప్రచారము చేసెను. మన వీధిబడులలో అది అంతకుముందే ఉన్నదను మాట వేరు. ఆ అచ్చుకూటమువారి పుస్తకమునకు ఆల్మనాక్ అని పేరు, అనగా పంచాంగము. తిథివారములకును మనుష్యుల పేర్లకును ఒకే అట్ట. కలకత్తానుండి థాకరు కంపెనీవారు మొదట బంగాళమునకు, 1885 మొదలు హిందూదేశమునకంతకును డైరెక్టరీలు ప్రకటించిరి.

ఇట్టి సంపుటమును తెరచినచో ముందు సర్కారు కచ్చేరులు, వాని ఉద్యోగులు. తరువాత కోర్టులు, వకీళ్లు, వైద్యులు, పాఠశాలలు, బ్యాంకులు, వర్తకసంఘములు, అచ్చుకూటములు. ఆ తరువాత నివాసుల పేర్లు. నివాసులనగా మొదట దొరలని అర్థము. మనవారు తమ పేరుచేత గాక తమ పనిచేత అందులో ప్రవేశించిరి. అంగడియో, అచ్చుకూటమో, వకీలు పట్టాయో ఉన్నవారికి చోటు దొరకెను. పడవ నడిపినవానికిని, మూట మోసినవానికిని, ఇంటిలోని ఆడువారికిని దొరకలేదు. ఈ సంగతి ముందే తెలిసికొన్నవారికి చాల కాలము మిగులును.

రంగమునకు పోయినవారి విషయము ఇందుకు తార్కాణము. 1931నాటి లెక్కలలో రంగూను నగరవాసులలో సగముకంటె ఎక్కువమంది మన దేశమువారే. రేవులో మూటలు మోసినవారిలో తెలుగువారు అసంఖ్యాకులు. 1930 మే నెలలో అచ్చట చెలరేగిన అల్లరులలో దెబ్బలు తిన్నవారును వారే. అయినను ఆ కూలివాని పేరు డైరెక్టరీలో ఎన్నడును కనబడదు. అతనిని పనిలో పెట్టిన కంపెనీ పేరు మాత్రము వీధితోసహా ఉండును. కాబట్టి రంగమునకు పోయినవానిని వెదకువారు మనుష్యుని విడిచి యజమానుని వెదకవలెను. ఇంటిలో పాత మనియార్డరు ముక్కయో, ఉత్తరపు కవరో ఉన్నయెడల దానిమీది వీధిపేరు పట్టుకొని, ఆ వీధిలో ఏ రేవు కంపెనీ, ఏ ధాన్యపు మర యుండెనో చూడవచ్చును. 1941 డిసెంబరులో రంగూనుమీద బాంబులు పడిన పిమ్మట నడచి వచ్చినవారు కాగితములు మోసికొని రాలేదు. ఆ లోటును ఈ పుస్తకములు కొంతయే తీర్చును.

ఇక పేర్లు చదువుట. ఇది కొంత నేర్పవలసిన విద్య. మన పేర్లను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసెను. రావు అనునది 'రో' అయినది. వెంకటకు 'వెన్' తరువాత 'కే' పడినచో ఒకచోట, 'సీ' పడినచో మరియొకచోట ఉండును. రెడ్డి యొకచో రెడ్డియారయ్యెను, శెట్టి చెట్టియారయ్యెను. సుబ్రహ్మణ్యమునకు ఎన్ని రూపములో నేను లెక్కపెట్టుట మానితిని. కాబట్టి ఒక అక్షరముక్రింద కనబడలేదని పుస్తకము మూయరాదు.

అంతకంటె చిక్కైన సంగతి పేరుముందటి పొడి అక్షరము. మన ఊరిలో అది ఇంటిపేరునకు గుర్తు. అరవదేశమున అది తండ్రిపేరునకు గుర్తు. చెన్నపట్టణమున కాపురమున్న తెలుగువారు కొందరు మన ఆచారమును నిలుపుకొనిరి. కొందరు అచ్చటి ఆచారమును గ్రహించిరి. ఒకే ఇంటిలో అన్న ఒకవిధముగను, తమ్ముడు ఒకవిధముగను వ్రాసికొనుటయు కలదు. అందుచేత 'పీ' అను అక్షరము ముందుండగనే అది మన ఇంటిపేరేయని గంతులు వేయుట తగదు. ఇంటి నెంబర్లును స్థిరములు కావు. చెన్నపట్టణమున నేటికిని గోడమీద పాత నెంబరు, కొత్త నెంబరు అని రెండు వ్రాసికొను ఇండ్లు కలవు. నెంబరు మారినంతమాత్రమున మనిషి ఇల్లు మారినట్లు కాదు.

దీని కొక నిదర్శనము చెప్పెదను. మా కోటలో నాకు వరుసకు మేనమామయగు ఒక పెద్ద కలరు. వయస్సు ఎనుబది దాటినది. ఆయన తాతకు ఒక అన్న ఉండెను. ఆ అన్న భార్య నగలమ్మి, ఉమ్మడి చేను తాకట్టుపెట్టి, చెన్నపట్టణమునకు పోయి అచ్చుకూటము పెట్టి, ఇల్లు గుల్లచేసెనని ఆ యింటి వాడుక. మూడు తరములలో ఏ బిడ్డకును ఆయన పేరు పెట్టలేదు. మహాలయ పక్షమున కారుణ్యపితరులను తలచునపుడు ఆయనను దాటిపోయెడివారు. మామ కూతురు చెన్నపట్టణమున కాపురమున్నది. ఆమె ఇంటి అటకమీద పాత పుస్తకములు దులుపుచుండగా ఒక చిన్న శతకము దొరకెను. దాని వెనుక అట్టమీద ఒక అచ్చుకూటపు పేరు, వీధి, ముద్రాపకుని పేరు, 1908 అను సంవత్సరము ఉన్నవి. 1867నాటి చట్టముచేత ప్రతి గ్రంథముమీదను ముద్రాపకుని పేరును ముద్రణస్థలమును వేయుట విధియై యుండెను. ఆ విధివలన ఎన్నియో చిన్న అచ్చుకూటముల పేర్లు నిలిచినవి.

ముద్రాపకుని పేరు పెద్దతాత పేరే. కాని ఆ పేరు గలవారు చెన్నపట్టణమున నూర్గురుందురు. పొడి అక్షరము ఇంటిపేరునకు సరిపోయినది, తండ్రిపేరునకును సరిపోయినది! కాబట్టి దానివలన లాభము లేదు. డైరెక్టరీలలో అచ్చుకూటముల పట్టికలు చూచితిమి. మూడు సంపుటములలో ఆ కూటము అదే వీధిలో, ఇంటి నెంబరుతోసహా కనబడెను. నాల్గవ సంపుటమున అచ్చుకూటము ఉన్నది, యజమానుడు వేరు. ఇంతవరకు తెలిసినది ఒక మనుష్యుని వ్యాపారముయొక్క ఆద్యంతములే. ఆ మనుష్యుడు మావాడో కాడో తెలియలేదు.

అది తెలిపినది మా ప్రాంతపు రిజిస్ట్రారు కచ్చేరి. చేని సర్వే నెంబరు పట్టుకొని పాత దస్తావేజుల నకళ్లు తీయించితిమి. తాకట్టు దస్తావేజు దొరకెను. దానిపై ఇద్దరన్నదమ్ముల చేవ్రాళ్లును ఉన్నవి. అనగా అన్న ఒక్కడే చాటున చేసిన పని కాదు. తరువాత 1911లో తాకట్టు విడుదల దస్తావేజు ఉన్నది. రొక్కము చెల్లించినవాడు 'చెన్నపట్టణమున' ఫలానా వీధిలో ఫలానా నెంబరు ఇంట కాపురమున్న అన్నగారు. ఆ వీధియు ఆ నెంబరును డైరెక్టరీలోనివే. చేను తమ్ముని పేర నిలిచినది. అచ్చుకూటము చేతులు మారినదియు ఆ కాలముననే.

చెన్నపట్టణపు అచ్చుకూటములో అక్షరములు కూర్చినవానికి మా ఊరి దస్తావేజు వ్రాసినవాడు తెలియడు. వీనికి వాడును తెలియడు. ఇద్దరును ఒకే వీధిని, ఒకే నెంబరును వ్రాసిరి. వంశచరిత్రలో నేను నమ్మకమనునది దీనినే. ఒక్క కాగితము ఎంత అందముగా ఉన్నను అది ఊహకు సహాయమే గాని సాక్ష్యము కాదు.

ఆ నకళ్లను మామకు చదివి వినిపించితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, 'అయితే అబ్బయా, మేము తింటా వచ్చింది ఆయన విడిపించిన చేనా' అనిరి. ఆ యేటి మహాలయమున పురోహితునికి ఒక పేరు అదనముగా చెప్పిరి. ఊరిలో కొందరు, ఇంతకాలమైన పిమ్మట ఈ త్రవ్వకమెందుకనిరి. చచ్చినవానిమీద మోపిన నింద చచ్చినవాడు తీర్చుకొనలేడు గనుక బ్రదికినవారు తీర్చవలెనని నా తలంపు.

పేరు కనబడకపోవుటనుగూర్చియు ఒక మాట. ఒక సంవత్సరమున ఉన్న పేరు మరుసటి సంవత్సరమున లేనిచో చనిపోయెనని వెంటనే వ్రాసికొనువారున్నారు. అది తప్పు. సంవత్సరాదికి వెలువడు డైరెక్టరీలోని సమాచారము అంతకుముందటి సంవత్సరమున ప్రోగుచేసినది. పట్టణము అనుభవించిన కష్టములను గూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. 1906 అక్టోబరులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీయగా అనేక కుటుంబముల ధనము మునిగెను. ఆ మరుసటి యేడే ఇండియన్ బ్యాంకు పుట్టుటకు ఆ దివాలాయే ప్రేరణ. 1914 సెప్టెంబరు 22వ తేది రాత్రి జర్మనుల ఎండెన్ నావ చెన్నపట్టణముమీద గుండ్లు కురిపించెను. భయపడి ఊరు విడిచినవారు వేలకొలది. 1942 ఏప్రిలులో కాకినాడ, విశాఖపట్టణములమీద జపానువారి బాంబులు పడగా చెన్నపట్టణము మరల ఖాళీ అయినది. ఇట్టి సంవత్సరముల తరువాతి సంపుటములలో పేరు లేకున్నచో, రెండుమూడు సంవత్సరములు ముందునకు పోయి, వేరు వీధిలోను వేరు వృత్తిలోను వెదకవలెను. పేరు మానిన మనిషి తరచుగా కొడుకు పేరున తిరిగి కనబడును. చెన్నపట్టణమునకు టెలిఫోను వచ్చినది 1882లో. తరువాతి తరములకు టెలిఫోను డైరెక్టరీలును పనికివచ్చును.

పుస్తకములు ఎచ్చట దొరకునని అడుగుదురు. చెన్నపట్టణమున ఎళుంబూరులోని పాత రికార్డు ఆఫీసు, అనగా నేటి తమిళనాడు ఆర్కైవ్సు, మొదట విచారింపదగినది; 1896లో తెరచిన కన్నెమరా పుస్తకశాల దానికి సమీపముననే ఉన్నది. కొన్ని పాత సంపుటముల పుటలు ఇపుడు అంతర్జాలమునందు చిత్రములుగా దొరకుచున్నవి. కోటలో కూర్చుండియు చదువవచ్చును. యంత్రము పేర్లు వెదకిపెట్టును గాని పాత అచ్చు అరిగినచోట తప్పు చదువును. కావున పట్టికను కన్నులతో ఒకమారు చూడక విడువకుడు.

పోవుటకు ముందు ఇంటిలోని పెద్దలను అడుగుడు. పేరు అడిగిన చాలదు. ఏ వృత్తి, ఏ కోవెల దగ్గర, ఏ మార్కెట్టునకు ఎటువైపు అని అడుగవలెను. వృద్ధురాండ్రకు వీధిపేరు జ్ఞాపకముండదు గాని 'కొత్వాల్ చావడికి పోవు దారిలో' అను మాట జ్ఞాపకముండును. ఆ మాటతో పది వీధులు ఒక వీధి యగును. చూచిన ప్రతి సంపుటముయొక్క పేరు, సంవత్సరము, పుట వ్రాసికొనుడు. చూచియు కనబడని సంవత్సరములను గూడ వ్రాసికొనుడు. లేనియెడల మీ మనుమడు అదే పుస్తకమును మరల మొదటినుండి తిరుగవేయవలసివచ్చును.

మా మామగారి పెద్దతాత భార్య పేరు ఇంకను తెలియలేదు. నగలమ్మినది ఆమెవియే గదా. డైరెక్టరీలో ఆమె యుండదు, దస్తావేజులలోను లేదు. చెన్నపట్టణపు కార్పొరేషనువారి జననమరణముల పుస్తకములలో ఆ వీధి, ఆ నెంబరు పట్టుకొని చూడవలసియున్నది. సంక్రాంతి వెళ్లగానే మామ కూతురును నేనును పోవుదుము.